రెండు పడవల మీద ఒక కుర్రాడు

 

మన పెద్దవాళ్ళు సమయం దొరికితే చాలు వాడే సామెత ఒకటుంది కదా, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని. సంగీతం నేర్చుకుంటూ డాన్సు కూడా నేర్చుకుంటానంటే ఈ సామెత. ఉద్యోగం చేస్తూ చిన్న వ్యాపారం పెడతానన్నా ఇదే సామెత. దేశం మారినా ఇది మాత్రం మనతోపాటు విమానం ఎక్కి వచ్చేసింది! కానీ మనం వచ్చి స్థిరపడ్డ ఈ ఐర్లండులో మాత్రం రెండు పడవల మీద నిలబడ్డవాణ్ణి చూసి జనం ముచ్చట పడతారు. గేలిక్ ఫుట్‌బాలూ, హర్లింగూ రెండూ పెద్ద స్థాయిలో ఆడేవాణ్ణి ఇక్కడ 'డ్యూయల్ ప్లేయర్' అని గౌరవంగా పిలుస్తారు.

ఈసారి ఈ విషయమే ఎందుకు ఎత్తుకున్నానంటే, పోయిన సంచిక వచ్చాక ఒక తల్లి ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు. క్లబ్బులో రెండు ఆటలూ ఆడతాడు. వారంలో నాలుగు సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం మ్యాచి, ఆదివారం ఉదయం మన తెలుగు తరగతి. "ఇల్లంతా బురద బూట్లేనండీ. ఏదో ఒకటి మానిపించాలనుకుంటున్నాం. మేము హర్లింగ్ మానెయ్యమంటున్నాం, వాడేమో తెలుగు క్లాసు మానేస్తానంటున్నాడు. మీరే ఏదన్నా చెప్పాలి" అన్నారావిడ. ఇలాంటి పంచాయితీ మనలో చాలా ఇళ్ళలో నడుస్తోందని నాకు తెలుసు. తీర్పు చెప్పేంత పెద్దమనిషిని కాను గానీ, కార్క్ నగరంలో పెరిగిన ఒకాయన కథ చెబుతాను. ఆయన పేరు షాన్ ఓగ్ ఓ హాల్పీన్.

ముందు ఆటల సంగతి

కొత్తగా వచ్చినవారి కోసం నాలుగు మాటలు. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ ఊళ్ళో ఒక హోటల్లో కొందరు కూర్చుని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను మొదలుపెట్టారు. ఇప్పుడు మనం ఏ ఊరు వెళ్ళినా కనిపించే జి.ఏ.ఏ. మైదానాలన్నీ దాని చలవే. రెండు ఆటలకూ మైదానం ఒకటే, గోలు స్తంభాలు ఒకటే. ఇంగ్లీషు 'హెచ్' అక్షరంలా ఉంటాయి చూడండి, అవే. జట్టుకు 15 మంది. అడ్డకర్ర కింద నుంచి వలలో పడితే గోలు, అంటే 3 పాయింట్లు. పైనుంచి వెళ్తే 1 పాయింటు. (ఫుట్‌బాలులో 2025లో వచ్చిన కొత్త నిబంధనలతో 40 మీటర్ల గీత బయటి నుంచి పైకి తన్నితే 2 పాయింట్లు ఇస్తున్నారు.)

పిల్లలూ, మీకొక లెక్క. ఒక జట్టు స్కోరు 1-21, రెండో జట్టుది 1-16. గెలిచింది ఎంత తేడాతో? గోలును మూడుతో హెచ్చవేసి పాయింట్లు కలపండి. 24, 19. తేడా 5. ఈ స్కోరును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మైదానం ఒకటే అయినా ఆటలు మాత్రం ఉత్తర దక్షిణాలు. ఫుట్‌బాలులో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, కానీ నాలుగడుగులకోసారి నేలకు కొట్టాలి, లేదా కాలి బొటనవేలితో తన్ని మళ్ళీ చేతిలోకి తెచ్చుకోవాలి. బలం, ఎత్తుకు ఎగరడం, కాలి గురి కావాలి. హర్లింగులో చేతిలో హర్లీ అనే కర్ర ఉంటుంది. దాన్ని యాష్ చెట్టు మొదలు దగ్గర వంపు తిరిగిన చెక్కతో చేస్తారు. బంతి పేరు స్లిటర్, చిన్నది, గట్టిది. గాలిలో ఉండగానే కొడితే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా పోతుంది. మన బిళ్ళంగోడులో బిళ్ళను గాల్లోకి లేపి కొట్టడం గుర్తుందా? ఆ కొట్టుడును, పక్కన ముగ్గురు కర్రలతో మీద పడుతుండగా, పరుగెత్తుతూ చెయ్యడం అనుకోండి. మణికట్టు, కంటిచూపు, ధైర్యం మూడూ కావాలి. 2018లో యునెస్కో వారు హర్లింగును మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ ఆటగాళ్ళెవరికీ జీతాలు లేవు. ఎనభై రెండు వేల మంది పట్టే క్రోక్ పార్కులో ఆదివారం ఫైనలు ఆడినవాడు ఆ తర్వాత మళ్ళీ తన బడికో, బ్యాంకుకో, పొలానికో వెళ్ళాల్సిందే. అంటే రెండు ఆటలు ఆడేవాడికి నిజానికి మూడు పడవలన్నమాట!

ఫిజీ నుంచి కార్క్ దాకా

షాన్ ఓగ్ 1977లో ఫిజీలో పుట్టాడు. తండ్రిది ఐర్లండు ఉత్తరాన ఉన్న ఫెర్మానా కౌంటీ. తల్లిది ఫిజీ దేశానికి చెందిన రొటుమా అనే చిన్న దీవి. తండ్రి పేరు కూడా షానే. 'ఓగ్' అంటే ఐరిష్ భాషలో చిన్నవాడు అని. మనం తాతగారి పేరు పెట్టుకున్న మనవణ్ణి 'చిన్న రామయ్య' అంటాం చూడండి, అలాంటిదే. కుటుంబం ఫిజీ నుంచి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి, అక్కణ్ణుంచి 1988లో కార్క్ నగరానికి మారింది. అప్పటికి షాన్ ఓగ్‌కు పదకొండేళ్ళు.

ఆ వయసులో బడి మారడం ఎంత కష్టమో మన పిల్లల్ని అడగండి. అందరూ మూడేళ్ళ నుంచీ కర్ర పట్టినవాళ్ళు, తను కొత్త. అందరి పేర్లూ, ముఖాలూ ఒకలా ఉంటే తన ముఖం వేరు. బడిలో ఐరిష్ భాష, అది అతనికి బొత్తిగా కొత్త. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం కదా, ఈ మొక్క కాస్త ఎదిగాకే వంగడం మొదలుపెట్టింది. నార్త్ మొనాస్టరీ అనే పేరున్న బడిలో చదువు, నా పియర్సా అనే క్లబ్బులో ఆట. హర్లింగూ ఫుట్‌బాలూ రెండూ. బడిలో నేర్చిన ఐరిష్ క్రమంగా మైదానంలో, స్నేహితులతో మాట్లాడే భాష అయింది.

1996కల్లా కార్క్ సీనియర్ హర్లింగ్ జట్టులోకి వచ్చాడు. అంటే కర్ర పట్టుకోవడం మొదలుపెట్టిన ఎనిమిదేళ్ళకు! ఆ రోజుల్లో వ్యాఖ్యానానికి పెట్టింది పేరైన మీహాల్ ఓ మురహర్టిగ్ ఆయన గురించి విసిరిన చలోక్తి ఇక్కడ అందరికీ నోటికొచ్చు. తండ్రిది ఫెర్మానా, తల్లిది ఫిజీ, రెండూ హర్లింగుకు పేరుపడ్డ చోట్లు కావు అన్నది దాని సారాంశం. నవ్వుతూనే అన్నా, అందులో ప్రేమ ఉంది. ఈ కుర్రాడు ఎక్కడివాడన్న ప్రశ్నకు 'మనవాడే' అన్న జవాబు అందులోనే ఉంది.

1999 సెప్టెంబరు

ఆ ఏడు కార్క్ రెండు ఆటల్లోనూ మన్‌స్టర్ ప్రాంతపు విజేత. రెండు జట్లూ అఖిల ఐర్లండు ఫైనలుకు చేరాయి. రెండు జట్లలోనూ షాన్ ఓగ్ ఉన్నాడు. అప్పటికి 22 ఏళ్ళు.

సెప్టెంబరు 12న హర్లింగ్ ఫైనలు, ఎదురుగా కిల్కెన్నీ. వాన పడుతోంది, కర్ర జారుతోంది, స్లిటర్ సబ్బుబిళ్ళలా ఉంది. మ్యాచి మొత్తంలో ఇరువైపులా ఒక్క గోలు లేదు. చివరికి 0-13, 0-12. ఒకే ఒక్క పాయింటుతో కార్క్ గెలిచింది. ఆ జట్టు మేనేజరు జిమ్మీ బ్యారీ మర్ఫీ కూడా తన రోజుల్లో డ్యూయల్ ప్లేయరే. 1973లో ఫుట్‌బాలులో, తర్వాత హర్లింగులో అయిదుసార్లు అఖిల ఐర్లండు గెలిచినవాడు. కుర్రాడి కష్టం తెలిసిన పెద్దదిక్కు అన్నమాట.

నగరమంతా సంబరాల్లో ఉంటే, షాన్ ఓగ్‌కు మాత్రం సంబరాలకు తీరిక లేదు. రెండు వారాల్లో ఫుట్‌బాల్ ఫైనలు. కర్ర పక్కన పెట్టి పెద్ద బంతి పట్టుకోవాలి. మణికట్టు పని ఆగి భుజాల పని మొదలవ్వాలి. సెప్టెంబరు 26న అదే క్రోక్ పార్కులో మీత్ కౌంటీతో ఆట. మీత్ 1-11, కార్క్ 1-8. ఓడిపోయారు.

పద్నాలుగు రోజుల్లో ఒక గెలుపు, ఒక ఓటమి. లెక్కల్లో చూస్తే సగమే వచ్చింది. కానీ ఆ సెప్టెంబరు గురించి కార్క్‌వాళ్ళు మాట్లాడేటప్పుడు 'సగం' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. రెండు జట్లకూ అవసరమైన మనిషి అనే అంటారు.

మోకాలు చెప్పిన మాట

2001లో కారు ప్రమాదం జరిగింది. మోకాలు తీవ్రంగా దెబ్బతింది. మళ్ళీ ఆడటం మాట దేవుడెరుగు, సరిగ్గా నడుస్తాడా అన్న అనుమానం కూడా వచ్చింది. నెలల తరబడి వ్యాయామం, ఓపిక. మరుసటి ఏడాదికి మైదానంలో కనిపించాడు. ఆ తర్వాత ఆయన కథ ప్రధానంగా హర్లింగుతోనే నడిచింది. ఒక పడవ దిగక తప్పలేదు.

దిగాక ఏమైంది? 2004లో కిల్కెన్నీని 0-17, 0-9తో ఓడించి కార్క్ మళ్ళీ గెలిచింది. ఆ ఏడాది దేశంలోకెల్లా ఉత్తమ హర్లరుగా షాన్ ఓగ్‌ను ఎంచుకున్నారు. 2005లో ఆయనే కెప్టెన్. గాల్వేతో ఫైనలు. పిల్లలూ, ఇందాకటి లెక్క గుర్తుందా? 1-21, 1-16. అదే ఇది. 2025 సీజను ముగిసేదాకా కార్క్‌కు ఆ కప్పు మళ్ళీ దక్కలేదు.

ఆ రోజు కప్పు అందుకుని మెట్ల పైన నిలబడి ఆయన ప్రసంగం మొత్తం ఐరిష్‌లోనే చేశాడు. ఒక్కసారి ఆలోచించండి. ఐర్లండులో పుట్టి పెరిగినవాళ్ళలోనే ఎంతోమంది బడి దాటాక ఐరిష్‌లో నాలుగు వాక్యాలు కలపలేరు. ఫిజీలో పుట్టి, సిడ్నీలో అక్షరాలు దిద్ది, పదకొండో ఏట వచ్చినవాడు ఎనభై వేల మంది ముందు ఆ భాషలో మాట్లాడాడు. అందుకని రొటుమా తల్లి కొడుకు కాకుండా పోయాడా? లేదు. తన మూలాల గురించి ఎప్పుడూ గర్వంగానే చెప్పుకున్నాడు.

2010 సీజను తర్వాత జట్టులో చోటు పోయింది. అంతటితో అయిపోయిందనుకున్నారు. 2012లో జిమ్మీ బ్యారీ మర్ఫీ మళ్ళీ మేనేజరుగా వచ్చి పిలిస్తే, 35 ఏళ్ళ వయసులో ఇంకో వేసవి ఆడి, అప్పుడు సెలవు తీసుకున్నాడు.

ముందువాళ్ళు, తర్వాతివాళ్ళు

షాన్ ఓగ్ మొదటివాడేమీ కాదు. అదే నార్త్ మొనాస్టరీ బడిలో చదివిన జాక్ లించ్ 1941 నుంచి 1946 దాకా వరసగా ఆరేళ్ళు అఖిల ఐర్లండు పతకాలు గెలిచాడు. అయిదు హర్లింగులో, నడుమ 1945లో ఒకటి ఫుట్‌బాలులో. ఆ తర్వాత రాజకీయాల్లోకి వెళ్ళి రెండుసార్లు ఈ దేశ ప్రధాని అయ్యాడు! ఇక టెడ్డీ మెకార్తీది ఇంకా ఎవరూ అందుకోని రికార్డు. 1990 సెప్టెంబరులో రెండు వారాల తేడాతో కార్క్ తరఫున రెండు ఫైనళ్ళూ మైదానంలో ఆడి రెండూ గెలిచిన ఏకైక ఆటగాడు ఆయనే. 2023లో ఆయన పోయినప్పుడు కార్క్ అంతా కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఆడవాళ్ళ హర్లింగును కమోగీ అంటారు. కార్క్‌కు చెందిన రీనా బక్లీ ఫుట్‌బాలులో 11, కమోగీలో 7, మొత్తం 18 అఖిల ఐర్లండు పతకాలు గెలిచింది. 2012లో ఫుట్‌బాలులో, 2017లో కమోగీలో కెప్టెన్‌గా కప్పులు ఎత్తింది. మగవాళ్ళలో ఎవరికీ ఇన్ని పతకాలు లేవు. 'ఆడపిల్లకు ఈ కర్రలూ దెబ్బలూ ఎందుకమ్మా' అనే అమ్మమ్మలకు ఈ పేరా చదివి వినిపించండి.

వెక్స్‌ఫర్డ్ కౌంటీ హర్లరు లీ చిన్ పేరు కూడా విని ఉంటారు. తండ్రి మలేషియా నుంచి వచ్చినవాడు. లీ కూడా మొదట్లో కౌంటీకి రెండు ఆటలూ ఆడి, తర్వాత హర్లింగును ఎంచుకున్నాడు. 2012లో ఒక మ్యాచిలో తన జాతి గురించి వినకూడని మాటలు విన్నప్పుడు నోరు మూసుకోకుండా బయటికి చెప్పాడు. అన్నవాళ్ళకు శిక్ష పడింది. మన పిల్లలకు అలాంటి మాటలు ఎప్పుడూ ఎదురుకావని నేను హామీ ఇవ్వలేను. ఎదురైతే ఇంటికి వచ్చి చెప్పాలి, మనం కోచ్‌కు చెప్పాలి. ఆట మానడం మాత్రం జవాబు కాదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కౌంటీ సీనియర్ స్థాయిలో డ్యూయల్ ప్లేయర్లు ఇప్పుడు చాలా అరుదు. ఒక్క ఆటకే వారానికి నాలుగైదు రోజుల తయారీ కావాలి. 2022 నుంచి కౌంటీ పోటీలన్నీ జులైకల్లా ముగిసిపోతున్నాయి కాబట్టి రెండు ఆటల మ్యాచులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రెండు జట్ల మేనేజర్లూ ఒకే మనిషిని ఒకే వారం పంచుకోవాలంటే ఎలా? ఊరి క్లబ్బుల్లో, పిల్లల జట్లలో మాత్రం రెండూ ఆడటం ఇంకా మామూలే.

ఇక మన ఇళ్ళలో

ఆ తల్లి అడిగిన దానికి నాకు తోచింది చెబుతాను.

మొదటిది, పదమూడేళ్ళకు తొందర లేదు. షాన్ ఓగ్ ఒక ఆటను పక్కన పెట్టింది ఇరవై దాటాక. 12 ఏళ్ళ లోపు పిల్లలకు జి.ఏ.ఏ. వారే 'గో గేమ్స్' అని పెట్టారు. గెలుపోటముల పట్టిక ఉండదు, అందరికీ ఆడే అవకాశం ఉంటుంది. ఆ వయసు దాటగానే మనం పట్టిక పట్టుకుని కూర్చుంటే ఎలా?

రెండోది, శరీరానికి హద్దు ఉందన్నది కూడా నిజమే. ఇద్దరు కోచ్‌లకూ ఒకరి సంగతి ఒకరికి తెలియాలి. ఈ వారం మొత్తం మీద వాడు ఎన్ని గంటలు పరుగెత్తాడో లెక్క చూసేది కోచ్‌లు కాదు, మీరే. వారంలో ఒక్క రోజైనా బూట్లు గడప దాటకూడదు. హర్లింగుకు హెల్మెట్ 2010 నుంచి అన్ని స్థాయిల్లోనూ తప్పనిసరి. ఇంటి వెనక తోటలో ఆడేటప్పుడు కూడా పెట్టుకోమనండి.

మూడోది, ఒకటి మానాల్సిన రోజు వస్తే ఏది మానాలో బాబే చెప్పాలి. మనకు హర్లింగ్ భయం కాబట్టి హర్లింగ్ మానమనడం న్యాయం కాదు. ఇరుగుపొరుగు పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారని ఫుట్‌బాలే ఉంచమనడమూ కాదు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ మానేవాటి జాబితాలో తెలుగును చేర్చకండి. ఆట ఒంటితో పని, దానికి అలసట ఉంది. మోకాలు ఏదో ఒకనాడు చాలు అంటుంది. భాషకు ఆ ఇబ్బంది లేదు. ఇంగ్లీషూ ఐరిష్ నేర్చినంత మాత్రాన తెలుగుకు తలలో చోటు తగ్గిపోదు. అవధాని గారు ఎనిమిది మందికి ఒకేసారి జవాబు చెప్పడం చూసి మురిసిపోయే జాతి మనది. మన పిల్లల బుర్రలో మూడు భాషలు ఇరుకవుతాయని మనమే అనుకుంటే ఎట్లా? కాకపోతే ఆదివారం పొద్దున్నే, రాత్రి మ్యాచి ఆడి ఒళ్ళు నొప్పులతో ఉన్న పిల్లాణ్ణి గుణింతాలకు కూర్చోబెడితే వాడికి తెలుగు మీద కోపం వస్తుంది గానీ ప్రేమ రాదు. తరగతి వేళ మార్చమని మన ఉపాధ్యాయుల్ని అడగండి. కారులో ప్రాక్టీసుకు తీసుకెళ్ళే ఇరవై నిమిషాలు తెలుగులోనే మాట్లాడండి. నిన్నటి మ్యాచి ఎలా జరిగిందో నానమ్మకు ఫోన్లో తెలుగులో చెప్పమనండి. 'స్లిటర్'కు తెలుగు మాట వెతకక్కర్లేదు, మిగిలిన వాక్యం తెలుగులో ఉంటే చాలు.

చివరగా, చాలామందికి తెలియని సంగతి ఒకటి. హర్లింగ్ విజేతలకు ఇచ్చే కప్పు పేరు లియమ్ మెకార్తీ కప్పు. ఆ లియమ్ మెకార్తీ లండన్‌లో పుట్టినవాడు, పొట్ట చేతబట్టుకుని వెళ్ళిన ఐరిష్ దంపతుల బిడ్డ. ఫుట్‌బాల్ విజేతలకు ఇచ్చేది సామ్ మగ్వైర్ కప్పు. ఆయన కార్క్‌లో పుట్టి, లండన్ తపాలా శాఖలో ఉద్యోగానికి వెళ్ళి, అక్కడ ఐరిష్‌వాళ్ళకు ఈ ఆట ఆడించినవాడు. ఈ దేశం అపురూపంగా చూసుకునే రెండు కప్పులకూ ఉన్నవి ప్రవాసుల పేర్లే! పరాయి ఊళ్ళో ఉంటూ తమ ఆటనూ, మాటనూ వదలనివాళ్ళ విలువ ఈ దేశానికి బాగా తెలుసు. మన పిల్లలు వాళ్ళ ఆట ఆడుతూ మన మాట నిలుపుకుంటే ముందు సంతోషించేది ఇక్కడివాళ్ళేనని నా నమ్మకం.

మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో, ఏ సందేహాలు వస్తున్నాయో రాయండి. పిల్లలూ, మీ మ్యాచి గురించి తెలుగులో అయిదు వాక్యాలు రాసి పంపితే వచ్చే సంచికలో ఇక్కడే వేస్తాం. తప్పులున్నా ఫరవాలేదు, పెన్ను పట్టింది మీరైతే చాలు.

మళ్ళీ మూడు నెలల తర్వాత కలుద్దాం. సెలవు.